బెత్తం ఖాళీ చేసిన చోట ఏముండాలి? ప్రాథమిక బడిలో పిల్లల క్షేమం, నడవడిక

సంక్షిప్తంగా: విద్యాహక్కు చట్టం బడిలో దండనను నిషేధించింది గానీ, దండన చేస్తుందని నమ్మిన పనిని మరోలా చేసే పద్ధతి బడులకు అందలేదు. చిన్న తరగతుల్లో అల్లరిగా కనిపించే దానికి ఆకలి, చూపు, వినికిడి, అర్థం కాని పాఠం, పని లేని సమయం తరచూ మూలంగా ఉంటాయి. వీటిని సరిచేస్తూ, మంచి నడవడికను కూడా ఒక పాఠంలాగా నేర్పినప్పుడు ఫలితం ఉంటుంది. బహుమతులు, నక్షత్రాలు మాత్రమే తెచ్చిపెడితే ఉండదు.

2025 మార్చిలో విజయనగరం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు విద్యార్థుల ముందు సాష్టాంగపడి, ఆ తర్వాత తానే గుంజీళ్లు తీశారు. పిల్లల చదువు, క్రమశిక్షణ దిగజారుతున్నా తాము కొట్టలేమనీ తిట్టలేమనీ ఆయన వాపోయిన వీడియో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తిరిగింది. ఆ దృశ్యం వెనుక ఉన్న ప్రశ్న మాత్రం ఆ ఒక్క బడిది కాదు: కొట్టకూడదు సరే, మరి ఏం చేయాలి? ఈ ప్రశ్న ఉన్నత పాఠశాలలో బయటపడినా దాని వేళ్లు ఒకటి నుంచి ఐదు తరగతుల్లో ఉన్నాయి. వరుసలో నిలబడటం, వంతు కోసం ఆగడం, కోపం వస్తే చేయి లేపకుండా టీచరుకు చెప్పడం వంటివి పిల్లలు ఆ వయసులోనే నేర్చుకుంటారు, లేదా నేర్చుకోకుండానే పై తరగతికి వెళతారు.

చట్టం ఏం తీసేసింది, ఏం ఇవ్వలేదు

ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 17వ సెక్షన్ శారీరక దండననే కాక మానసిక వేధింపును కూడా నిషేధించి, ఉల్లంఘించిన వారిపై సర్వీసు నిబంధనల ప్రకారం చర్య ఉంటుందని చెప్పింది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికకు భారత్ 1992లోనే అంగీకారం తెలిపింది. దండనను అనుమతించే పాఠశాల నిబంధనను ఢిల్లీ హైకోర్టు 2000 డిసెంబరులో కొట్టివేసింది. కాబట్టి ఈ నిషేధం అకస్మాత్తుగా ఊడిపడింది కాదు. అయితే చట్టం వచ్చే నాటికి వాస్తవం ఎంత దూరంలో ఉందో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2009-10లో జరిపిన అధ్యయనం చూపించింది. ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లలను అడిగితే, తమకు ఏ శిక్షా పడలేదని చెప్పినవారు తొమ్మిది మంది మాత్రమే.

తెలుగు నేలపై ఈ అలవాటు పాతది. వీధిబడుల కాలంలో పిల్లవాణ్ని దూలానికి కట్టిన తాడు పట్టించి వేలాడదీసే కోదండం ఉండేది. ఆ తర్వాతి తరాలకు గోడకుర్చీ, తొడపాశం, చింతబరికె తెలుసు. వీటన్నిటికీ సమర్థనగా ‘దండం దశగుణం భవేత్’ అనే మాట నేటికీ వినిపిస్తుంది. నిజానికి ఆ శ్లోకం చెప్పే పది ఉపయోగాలు వేరు. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు ఎదురైనప్పుడు, బురదలో, నీటిలో, చూపు లేనప్పుడు, చీకట్లో, ముసలితనంలో చేతికర్ర ఆసరా అవుతుందని మాత్రమే దానిలో ఉంది. ఆ పదింటిలో పిల్లలు లేరు.

చట్టం తర్వాత చాలా బడుల్లో కర్ర తగ్గింది, మాట మిగిలింది. ఎత్తిపొడుపు, మార్కులు చదివి నలుగురిలో నవ్వించడం, కులం పేరుతోనో తండ్రి చేసే పని పేరుతోనో పిలవడం కూడా మానసిక వేధింపు కిందికే వస్తాయని కమిషన్ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. బోధన శిక్షణలో శిశు మనోవిజ్ఞానం ఒక పేపరుగా ఉంటుంది. కానీ అన్నం గంట కొట్టగానే నలభై మంది ఒకే కుళాయి దగ్గరికి పరుగెత్తితే ఏం చేయాలన్నది ఆ పేపరులో వచ్చే ప్రశ్న కాదు. ఏది చేయకూడదో చట్టం స్పష్టంగా చెప్పింది. ఏది చేయాలో మాత్రం టీచరు ఊహకే మిగిలిపోయింది.

శిక్ష పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తుంది

అనుభవం ఉన్న ఉపాధ్యాయుల్లోనూ కొందరు దెబ్బకు గుణం ఉందని నిజాయతీగానే నమ్ముతారు. ఆ నమ్మకం ఎలా ఏర్పడుతుందో చూడాలి. టీచరు గద్దించగానే తరగతి నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దం టీచరుకు వెంటనే దక్కే ఉపశమనం కాబట్టి, రేపు మళ్లీ గద్దించే అవకాశం పెరుగుతుంది. అంటే ఇక్కడ అలవాటు బలపడేది పిల్లవాడిలో కాదు, పెద్దవారిలో. పది నిమిషాలకు గోల తిరిగి మొదలైనప్పుడు, ఆ గోలను ఇందాకటి గద్దింపుతో ముడిపెట్టి చూడటం ఎవరికైనా కష్టమే.

రెండో కారణం లెక్కకు సంబంధించినది. ఏ పిల్లవాడి అల్లరైనా రోజురోజుకూ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. శిక్ష పడేది అల్లరి శిఖరానికి చేరిన రోజున. ఆ మర్నాడు ఏమీ చేయకపోయినా అది మామూలు స్థాయికి దిగడం సహజం, ఆ తగ్గుదల మాత్రం శిక్ష ఖాతాలో పడుతుంది. అదే విధంగా, ఎంతో బుద్ధిగా ఉన్న రోజున మెచ్చుకుంటే మర్నాడు కొంత తగ్గుతుంది, ‘పొగిడితే నెత్తికెక్కాడు’ అనే ముగింపు వస్తుంది. రెండు సందర్భాల్లోనూ జరిగింది ఒకటే, కానీ దాని నుంచి తీసిన పాఠం తలకిందులైంది.

ఇక పిల్లవాడు నేర్చుకునేది వేరు. ఏ సారు కొడతారో, ఏ టీచరు కొట్టరో వాడికి వారంలో తెలిసిపోతుంది. కొట్టే సారు గంటలో మూగగా ఉండి, ఆ ఒత్తిడినంతా తర్వాతి గంటలో వదులుతాడు. చూసిరాత రాయడం, అబద్ధం చెప్పడం, బడి ఎగ్గొట్టడం కూడా దెబ్బ తప్పించుకునే మార్గాలే. తనకన్నా చిన్నవాడిపై చేయి చేసుకోవడం మాత్రం చూసి నేర్చుకున్నది.

మాట వినకపోవడానికి రెండర్థాలు

తెలుగులో ‘మాట వినడు’ అంటే చెప్పినట్టు చేయడని అర్థం. అక్షరాలా తీసుకుంటే చెవికి వినబడటం లేదని కూడా అర్థం. చెవిలో చీము కారే జబ్బు ఉన్న ఆరేళ్ల పిల్ల టీచరు పిలిచినా పలకదు, సగం విన్న సూచనను తప్పుగా చేస్తుంది, చివరికి మొండిదన్న పేరు తెచ్చుకుంటుంది. వెనక బెంచీలో కూర్చున్న కుర్రవాడికి నల్లబల్ల మసకగా కనబడితే, పక్కవాడి పుస్తకంలోకి వంగి మాట్లాడటం తప్ప వాడికి దారి లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు వచ్చే వైద్య బృందాలు పరీక్షించాల్సిన 30 సమస్యల జాబితాలో చూపు లోపం, చెవి జబ్బులు, రక్తహీనత, ఎదుగుదల లోపాలు ఉన్నాయి. ఆ పరీక్ష ఫలితం ఆరోగ్య కార్డులో ఆగిపోకుండా, ఎవరిని ముందు వరుసలో కూర్చోబెట్టాలో చెప్పే కాగితంగా టీచరు చేతికి రావాలి. అల్లరి పిల్లల జాబితా తయారుచేసే ముందు ఆ కాగితం చూడటం ఖర్చు లేని పని.

ఆకలి సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 2001 నవంబరు 28 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి వండిన మధ్యాహ్న భోజనం అమలైంది. అయితే నాట్ల కాలంలోనో కోతల కాలంలోనో తల్లి తెల్లవారకముందే కూలికి వెళ్లిన ఇంట్లో, పిల్ల ఏమీ తినకుండా తొమ్మిదింటికి బడికి వస్తే, అన్నం గంట వరకు ఉండే మూడు గంటలే తెలుగు, లెక్కలు చెప్పే సమయం. చిరాకు, ఏడుపు, పక్కవారితో తగువు, బల్లపై తల వాల్చడం ఆ వేళలోనే ఎక్కువ కనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఉదయం అల్పాహారం ఇవ్వాలని 2020 జాతీయ విద్యావిధానం సిఫార్సు చేసింది. తమిళనాడు 2022 సెప్టెంబరులో ప్రాథమిక తరగతులకు అల్పాహారం ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్ 2023 మార్చిలో వారానికి మూడు రోజులు రాగి జావ మొదలుపెట్టగా, తెలంగాణ అదే ఏడాది అక్టోబరులో అల్పాహార పథకం ప్రారంభించింది. వీటిని పోషకాహార పథకాలుగానే లెక్కించడం పరిపాటి. నిజానికి తరగతి గది ప్రశాంతతకు ఇవి అంతే ముఖ్యమైన ఏర్పాట్లు.

భాష మూడోది. ఇంట్లో కోయ, గోండి, సవర మాట్లాడే పిల్లకు బడిలోని తెలుగే కొత్త భాష, దానిపైన ఇంగ్లిష్ మరో పొర. అర్థంకాని చోట పిల్లలు రెండే పనులు చేయగలరు: మూగగా కూర్చోవడం, లేదా లేచి వెళ్లిపోవడం. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది ఈ సమస్యను గుర్తించే. మైదాన ప్రాంతంలోనూ ఇదే చిక్కు మరో రూపంలో ఉంది. పల్లె పిల్లల చదివే, లెక్కలు చేసే స్థాయిని ఇంటింటికీ వెళ్లి కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 27.1 శాతం. తరగతిలో నలుగురిలో ముగ్గురికి చేతిలోని పుస్తకం చదవడం రాదంటే, ఆ గదిలో నలభై నిమిషాల నిశ్శబ్దాన్ని ఆశించడమే అసహజం. చదవలేని పిల్లవాడికి అల్లరి ఒక రక్షణ కూడా, ఎందుకంటే ‘రాదు’ అనిపించుకోవడం కంటే ‘తుంటరి’ అనిపించుకోవడం వాడికి తక్కువ అవమానం.

నడవడిక కూడా పాఠమే

ఎక్కం తప్పు చెప్పిన పిల్లకు మళ్లీ నేర్పుతారు. వరుస తప్పిన పిల్లను మాత్రం తిడతారు. ఈ తేడాను ప్రశ్నించడంతోనే సానుకూల ప్రవర్తన విధానం మొదలైంది. అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లలో దీన్ని బడి మొత్తానికి వర్తించే పద్ధతిగా మలిచారు. పీబీఐఎస్ అనే పొట్టి పేరుతో అది అక్కడ విస్తరించింది. ప్రజారోగ్య శాస్త్రంలో జబ్బు రాకుండా చూడటం, లక్షణాలు కనిపించిన వారికి తోడ్పడటం, తీవ్రంగా ఉన్నవారికి చికిత్స చేయడం అనే మూడు అంచెలను అది బడికి తెచ్చింది. అందరికీ ఒకే రకమైన నియమాలు, సాధన మొదటి అంచె. సుమారు 80 శాతం పిల్లలకు అది సరిపోతుందని, మరో 15 శాతానికి చిన్న గుంపుల్లో అదనపు సాయం, మిగతా 5 శాతానికి వ్యక్తిగత సాయం కావాలని ఆ విధానం అంచనా వేసుకుంటుంది. ఇవి స్థూలమైన అంచనాలే గానీ ప్రతి బడికీ వర్తించే కొలతలు కావు.

ఈ పద్ధతిలో నియమాలు మూడు నుంచి ఐదుకు మించవు. ఏది చేయకూడదో కాక, ఏది చేయాలో అవి చెబుతాయి. ‘వరండాలో పరుగెత్తొద్దు’ అంటే పిల్లవాడికి పరుగే గుర్తుంటుంది, ‘వరండాలో నడుద్దాం’ అంటే చేయాల్సిన పని తెలుస్తుంది. తర్వాత ఆ నడకను జూన్‌లో బడి తెరిచిన మొదటి రెండు వారాలు నిజంగా సాధన చేయిస్తారు. చెప్పులు ఎక్కడ విడవాలి, పళ్లెం ఎలా పట్టుకుని వరుసలోకి రావాలి, తిన్నాక ఎటువైపు నుంచి కుళాయికి వెళ్లాలి, పెన్సిలు విరిగితే ఎవరినీ అడగకుండా ఎక్కడినుంచి తీసుకోవాలి వంటి అతి చిన్న విషయాలు ఇందులో ఉంటాయి. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి గానీ గొడవలు పాఠం మధ్యలో కంటే ఒక పని నుంచి మరో పనికి మారే ఆ కొద్ది నిమిషాల్లోనే ఎక్కువగా పుడతాయి. మన విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు నిర్దేశించింది. సర్దుకోవడానికి రోజుకు 20 నిమిషాలు పోతే ఏడాదికి దాదాపు 67 గంటలు, అంటే రోజుకు నాలుగు గంటల లెక్కన పదహారు రోజులకు పైగా బడి, పోయినట్టే.

కొన్నిచోట్ల నేర్పడం కూడా అవసరం లేదు. నూరుమందికి ఒక్క కుళాయి ఉన్న బడిలో పళ్లేలు కడిగే వేళ తోపులాట జరిగితే, అది పిల్లల గుణం కాదు, కుళాయిల లెక్క. తరగతులను ఐదేసి నిమిషాల తేడాతో పంపితే ఆ తోపులాట ఏ నీతిబోధా లేకుండానే తగ్గుతుంది.

మెచ్చుకోలు, నక్షత్రాలు, నల్లబల్లపై పేర్లు

టీచరు బయటికి వెళుతూ లీడరును నిలబెట్టి, అల్లరి చేసినవారి పేర్లు నల్లబల్లపై రాయమనడం తెలుగు బడిలో చదివిన ప్రతి ఒక్కరికీ గుర్తుండే ఏర్పాటు. దాని నిర్మాణాన్ని చూస్తే మూడు లోపాలు కనబడతాయి. తోటిపిల్ల చేతికి పోలీసు అధికారం ఇస్తుంది. బుద్ధిగా కూర్చున్నవారికి ఏ గుర్తింపూ ఉండదు. ఒకసారి పేరెక్కినవాడికి ఇక బుద్ధిగా ఉండాల్సిన కారణం మిగలదు. అంతకంటే ముఖ్యంగా, ఇంటా బయటా ఎవరూ పట్టించుకోని పిల్లవాడికి నల్లబల్లపై పేరు కూడా ఒక పట్టింపే. శ్రద్ధ దొరికే దారి అదొక్కటే అయితే వాడు ఆ దారిలోనే నడుస్తాడు.

దీనికి ప్రత్యామ్నాయం ఊరికే పొగడటం కాదు. ‘గుడ్, వెరీ గుడ్’ అన్న మాట దేనికి వచ్చిందో ఆరేళ్ల పిల్లకు తెలియదు. ‘లక్ష్మి పుస్తకం తీసి, పేజీ తెరిచి సిద్ధంగా ఉంది’ అని చేసిన పనిని పేరుపెట్టి చెబితే లక్ష్మికీ పక్కనున్న నలుగురికీ ఏం చేయాలో తెలుస్తుంది. అలాంటి మాట అల్లరి పిల్లవాడు పొరపాటునైనా బుద్ధిగా ఉన్న ఆ అరనిమిషంలో వాడికి అందితే దాని విలువ ఇంకా ఎక్కువ.

నక్షత్రాలు, స్టిక్కర్లు, బహుమతుల విషయంలో జాగ్రత్త అవసరం. 1973లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శిశుపాఠశాలలో జరిగిన ప్రసిద్ధ ప్రయోగంలో, బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లలకు ముందే సర్టిఫికెట్ ఆశ చూపి వేయించారు. తర్వాత ఆ పిల్లలు స్వేచ్ఛగా ఉన్నప్పుడు బొమ్మలపై గడిపిన సమయం, ఆశ చూపనివారితో పోలిస్తే దాదాపు సగమే. ఇష్టంతో చేసే పనికి కూలి కడితే అది కూలిపని అవుతుంది. అందువల్ల బహుమతిని ఇంకా అలవాటు కాని పనికి, కొద్ది రోజులకే పరిమితం చేయడం మేలు. కథల పుస్తకంపై ఇష్టం ఉన్న పిల్లకు పుస్తకం చదివినందుకు చాక్లెట్ ఇవ్వడం నష్టమే చేస్తుంది.

తరగతి మొత్తాన్ని జట్లుగా చేసే పద్ధతికి మంచి ఆధారాలున్నాయి. 1969లో కాన్సస్‌లో ఒక నాలుగో తరగతిలో తొలిసారి పరీక్షించిన ‘మంచి నడవడిక ఆట’లో పిల్లలు రెండు జట్లవుతారు, నియమం తప్పినప్పుడు జట్టుకు ఒక గీత పడుతుంది, నిర్ణీత సంఖ్యకు లోపల ఉంటే రెండు జట్లూ గెలవవచ్చు. 1980లలో బాల్టిమోర్‌లో ఒకటో తరగతిలో ఈ ఆట ఆడిన పిల్లలను యౌవనం వరకు పరిశీలించినప్పుడు, ముఖ్యంగా దూకుడు ఎక్కువగా ఉన్న మగపిల్లల్లో తర్వాతి కాలపు మాదకద్రవ్య సమస్యలు తక్కువగా కనిపించాయి. అయితే కులం, ఇంటి స్థితి స్పష్టంగా తెలిసే పల్లె తరగతిలో ‘నీవల్లే ఓడాం’ అన్న మాట ఎవరిపై పడుతుందో ముందే ఆలోచించాలి. జట్లను రోజూ మార్చడం, ఓటమికి ఏ శిక్షా లేకపోవడం ఇక్కడ తప్పనిసరి.

ఒకే టీచరున్న బడిలో

పై పద్ధతులన్నీ తరగతికొక టీచరు ఉన్నారన్న ఊహపై నడుస్తాయి. చట్టం ప్రకారమే 60 మంది వరకు పిల్లలకు ఇద్దరు టీచర్లు, అంటే ఐదు తరగతులకు ఇద్దరు. ఏకోపాధ్యాయ బడుల్లో ఆ ఒక్కరు సెలవు పెట్టిన రోజు సంగతి చెప్పనక్కరలేదు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే మిగతా నాలుగు తరగతులకు పని ఉండదు, పని లేని పిల్లలు చేసేదానికే అల్లరి అని పేరు. ఈ పరిస్థితిలో నడవడిక సమస్యకు జవాబు పాఠం నిర్మాణంలోనే ఉంది.

దానికి నమూనా తెలుగు నేల మీదే తయారైంది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడుల కోసం తరగతుల బదులు మెట్లున్న అభ్యసన నిచ్చెనను రూపొందించారు. పిల్ల నిచ్చెనపై తన మెట్టు చూసుకుని, గుర్తు ఉన్న కార్డు తానే తీసుకుని, ఆ గుర్తును బట్టి టీచరు పక్కన ఉండే గుంపులోనో, తోటివారి సాయంతో నడిచే గుంపులోనో, ఒంటరిగా చేసుకునే చోటో కూర్చుంటుంది. ఎవరూ ఖాళీగా ఎదురుచూడరు, జ్వరంతో పది రోజులు రాని పిల్ల తాను ఆగిన మెట్టు నుంచే మొదలుపెడుతుంది, ‘వెనకబడ్డాడు’ అన్న మాటకు తావే తక్కువ. ఈ పద్ధతి స్ఫూర్తితోనే తమిళనాడులో 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో కృత్యాధార బోధన మొదలై, తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. పుట్టినచోట దానికి అంత చోటు దొరకకపోవడం విచారకరం.

బడుల పునర్వ్యవస్థీకరణ ప్రభావాన్నీ ఈ కోణంలో చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి జీవో 117 కింద అనేకచోట్ల 3, 4, 5 తరగతులు ఉన్నత పాఠశాలలకు తరలాయి. 2025లో ఆ విధానం రద్దయింది. ఎనిమిదేళ్ల పిల్లలు పదిహేనేళ్లవారితో ఒకే ఆటస్థలం, ఒకే మరుగుదొడ్డి పంచుకోవాల్సి వచ్చినప్పుడు వారి భద్రతా భావంలో వచ్చే మార్పు ఏ హాజరు పట్టికలోనూ కనబడదు.

నియమాలతో తీరని బాధలు

కొద్దిమంది పిల్లల విషయంలో ఏ ఆటా, ఏ మెచ్చుకోలూ పనిచేయవు. ఇంట్లో తాగుడు, తల్లిదండ్రుల మరణం, వలస, లైంగిక వేధింపు, గుర్తించని అభ్యసన వైకల్యం వంటివి వారి ప్రవర్తన వెనుక ఉండవచ్చు. నిన్నటి వరకు హుషారుగా ఉన్న పిల్ల హఠాత్తుగా మూగబోవడం కూడా వారం రోజుల గోలంత గట్టి సూచనే, కానీ నిశ్శబ్దం ఎవరినీ ఇబ్బంది పెట్టదు కాబట్టి కంటపడదు. లైంగిక వేధింపు అనుమానం ఉంటే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం టీచరుకు విధి. పిల్లల సహాయవాణి 1098 అందుబాటులో ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని కూడా గుర్తించింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండల స్థాయిలో ఉన్న భవిత కేంద్రాల ప్రత్యేక ఉపాధ్యాయులను ఇలాంటి పిల్లల విషయంలో ముందుగానే సంప్రదించవచ్చు.

ఇల్లు, టీచరు, మొదటి వారాలు

‘కళ్లు వదిలి ఎక్కడ కొట్టినా సరే, చదువు వస్తే చాలు’ అనే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. ఆ మాటలో ఉన్నది క్రౌర్యం కాదు, చదువు తప్ప మరో ఆస్తి ఇవ్వలేని వారి ఆందోళన. తల్లిదండ్రులకు బడి నుంచి కబురు వచ్చేది తప్పు జరిగినప్పుడే అయితే, ఆ సాయంత్రం ఇంట్లో రెండో శిక్ష పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు నుంచి జరుగుతున్న మెగా తల్లిదండ్రుల సమావేశాల వంటి సందర్భాల్లో ప్రతి పిల్ల గురించీ నిజమైన ఒక మంచి విషయం ముందు చెప్పగలిగితే, ఆ తర్వాత చెప్పే కష్టమైన విషయాన్ని ఇల్లు వినే తీరు వేరుగా ఉంటుంది.

టీచరు ఓపిక కూడా తరగని వనరు కాదు. ఫొటోలు, యాప్‌లు, పట్టికల మధ్య ఉదయపు మొదటి పావుగంట పోతే, పిల్లలను గుమ్మం దగ్గర పేరుతో పలకరించే వీలు పోతుంది. ప్రభుత్వాలు కొత్త సంక్షేమ కార్యక్రమం ప్రకటించినప్పుడల్లా దానికి మరో రిజిస్టరు జతచేస్తే, ఆ కార్యక్రమం తన లక్ష్యాన్నే తింటుంది.

చివరగా ఒక ఆచరణ సమస్య ఉంది. అల్లరికి ఇంతకాలం దొరికిన స్పందన ఆగిపోగానే, కొందరు పిల్లలు దాన్ని తిరిగి రాబట్టేందుకు మొదట్లో అల్లరి ఇంకా పెంచుతారు. ఈ దశ ముందే తెలియని బడి రెండో వారంలోనే ‘ఇవి మన పిల్లలకు పనికిరావు’ అని తేల్చి బెత్తం వెతుక్కుంటుంది. అప్పుడు నిలబడటానికి ఉపయోగపడేది ఒక మామూలు నోటుపుస్తకం. దానిలో పిల్లల పేర్లు కాకుండా గొడవ జరిగిన చోటు, సమయం, అంతకు ముందు ఏం జరుగుతోంది అన్న మూడు విషయాలే రాయాలి. నెల తిరిగేసరికి అందులోని గొడవలన్నీ ఏదో ఒక గంట కిందో, ఒక కుళాయి పక్కనో, ఒక పాఠం ఎదుటో గుమికూడి కనిపిస్తాయి. బడి మొదట మార్చాల్సింది ఆ చోటునే.